సూది ఉన్నది.. సోయి ఏది?

జిల్లా కేంద్రంలో ఒక సర్కారు దవాఖాన. పొద్దున పది దాటింది. గర్భిణుల వరుస ల్యాబ్ కిటికీ దగ్గర మొదలై మెట్ల దాకా సాగింది. ఆ రోజు మేం పోయింది వేరే వార్త కోసం. కాంట్రాక్టు సిబ్బందికి నెలల తరబడి జీతాలు పడలేదంటే కనుక్కుందామని పోయినం. వరుసలో ఒక అవ్వ తన బిడ్డ చెయ్యి పట్టుకొని నిలబడ్డది. బిడ్డకు ఏడో నెల.

'ఎన్నో కాన్పు అవ్వా?' అని అడిగినం.

'మూడోది కొడుకా. మొదటిది కడుపులనే పోయె. రెండోది పుట్టినంక పదకొండు దినాలు బతికింది. గాలి సోకిందన్నరు. తాయెత్తు కట్టించినం, మైసమ్మకు మొక్కినం. ఈసారన్న నిలువాలె' అన్నది.

బిడ్డ చేతిలోని కార్డు అడిగి చూసినం. హిమోగ్లోబిన్ రాసి ఉన్నది. బ్లడ్ గ్రూపు రాసి ఉన్నది. షుగర్ రాసి ఉన్నది. సిఫిలిస్ పరీక్ష గడిలో మాత్రం అడ్డంగ ఒక గీత. కిటికీ లోపలి అమ్మాయిని అడిగితే, 'కిట్లు లేవన్నా. రెండు నెలల సంది ఇండెంటు పెడుతనే ఉన్నం' అన్నది. ఆమెను ఏమనగలం? జీతం రాని మనిషి, కిట్టు రాని కిటికీలో కూసున్నది.

ఆ బిడ్డకు ఆ జబ్బు ఉన్నదని మేం అంటలేం. పోయిన ఇద్దరు పిల్లలు దానితోనే పోయిండ్రని కూడ అంటలేం. ఉన్నదో లేదో ఆమెకు తెలువదు, అవ్వకు తెలువదు, దవాఖానకు తెలువదు. తెలుసుకునే తొవ్వ మీద గీత గీసిండ్రు. ఆ గీత గురించే ఈ వారం రాస్తున్నం.

పేరు చెప్పడానికే సిగ్గు

'ఉద్యమ పత్రికలో ఈ రోగం ముచ్చటేంది?' అని కొందరు మిత్రులు మొఖం చిట్లిస్తరని మాకు తెలుసు. నీళ్ల గురించి రాయి, నిధుల గురించి రాయి, నియామకాల గురించి రాయి అంటరు. రాస్తనే ఉన్నం. ఇది కూడ అదే ముచ్చట.

సిఫిలిస్‌ను మన పెద్దలు సవాయి అన్నరు. చదువుకున్నోళ్లు సుఖవ్యాధి అన్నరు. ఆ మాట మీదనే మాకు పేచీ ఉన్నది. పాలమూరు నుంచి బొంబాయికి మట్టి పనికి పోయిన భర్త మోసుకొచ్చిన క్రిమి, ఊర్లో నాట్లేసుకునే భార్య రక్తంలో చేరితే ఆమెకు దక్కిన సుఖమేంది? తల్లి కడుపులో ఉన్న పిండం ఏ సుఖం అనుభవించిందని దానికి సుఖవ్యాధి? పేరులోనే నేరం మోపినం. నేరం మోపిన జబ్బుకు వైద్యం అడగడానికి ఎవరు ముందుకొస్తరు?

నల్లగొండ ఫ్లోరైడ్‌ను యాది చేసుకుందాం. మర్రిగూడ దిక్కు వంకర తిరిగిన కాళ్ల పిల్లల ఫోటోలను ఉద్యమ పత్రికలన్నీ మొదటి పేజీలో వేసినయి. ఆ ఫోటోలు చూసి చదువుకున్నోళ్లు కండ్లనీళ్లు పెట్టుకున్నరు, పిల్లలు పాటలు కట్టిండ్రు, ఢిల్లీ దాకా పోయి నిలదీసిండ్రు. ఎందుకంటే ఆ ఎముకలు కండ్లకు కనపడ్డయి, ఆ తప్పు మనది కాదని గట్టిగ చెప్పగలిగినం. సవాయి కూడ పిల్లల ఎముకలను వంచుతది. కానీ దాని ఫోటో ఏ పత్రికా వేయలేదు. మేమూ వేయలేదు. కడుపులనే పోయిన బిడ్డకు ఫోటో ఉండదు. బతికిన బిడ్డ తల్లి మొఖం దాచుకుంటది. కనపడని బాధ మీద ఉద్యమం లేవదు. ఇది మా లోపమని ముందుగాల ఒప్పుకొని మిగతాది చెప్తం.

అసలు ఏం జరుగుతది?

జబ్బు సంగతి సాఫ్‌గ చెప్పుకుందాం. దీనికి కారణం ట్రెపోనిమా పాలిడమ్ అనే మెలికలు తిరిగిన సన్నటి క్రిమి. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ దీన్ని కనిపెట్టిండ్రు. క్రిమి సోకిన కొన్ని వారాలకు సోకిన చోట ఒక పుండు లేస్తది. దానికి నొప్పి ఉండదు. ఆడోళ్లకు అది లోపలి దిక్కు ఉంటే ఉన్నట్టు కూడ తెలువదు. మందు లేకుండనే మానిపోతది. మానింది కాబట్టి పోయిందనుకుంటరు. తరువాత ఒంటి మీద, అరచేతుల్లో, అరికాళ్లలో దద్దులు రావచ్చు. అవి కూడ వాటంతట అవే పోతయి. అక్కడి నుంచి క్రిమి సప్పుడు చేయకుండ ఏండ్ల తరబడి రక్తంలో పడి ఉంటది. మనిషి పొలం పోతది, వంట చేస్తది, పిల్లలను బడికి పంపుతది. ఏ నొప్పీ లేదు. పరీక్ష చేస్తే తప్ప పట్టుకునే దారి లేదు.

ఆ మనిషి కడుపుతో ఉన్నప్పుడు క్రిమి మాయను దాటి బిడ్డ రక్తంలోకి పోతది. తల్లికి జబ్బు కొత్తగ సోకి ఉంటే బిడ్డకు చేరే ప్రమాదం మరీ ఎక్కువ. వైద్యం అందని కడుపుల్లో సగానికి పైగా ఏదో ఒక నష్టం జరుగుతది. కొన్ని పిండాలు నెలలు నిండకముందే పోతయి. కొందరు బిడ్డలు చచ్చి పుడతరు. కొందరు తక్కువ బరువుతో పుట్టి రోజుల్లోనే పోతరు. ఇంకొందరు పుట్టినప్పుడు పండు లెక్క ఉంటరు. వారాలు గడిచినంక ముక్కు కారుడు ఆగదు, అరచేతుల తోలు ఊడుతది, కాలేయం, ప్లీహం వాచి పొట్ట ఉబ్బుతది, రక్తం తగ్గుతది, ఎముక నొప్పికి చెయ్యి కదలనియ్యకుండ ఏడుస్తరు. అప్పుడు కూడ పట్టుకోకపోతే ముందటి పండ్లు నొక్కులు పడి వస్తయి, కంటిపాప మీద పొర కమ్ముతది, చెవులు పోతయి, ముక్కు దూలం కుంగుతది, కాలి ఎముక కత్తి లెక్క వంగుతది. బడిలో ఆ పిల్లగాడిని చెవిటోడు అంటరు, మొద్దు అంటరు. పాఠం వినపడక వెనుకబడ్డడని ఎవరికీ తట్టదు.

ఇగ మందు సంగతి. బెంజథిన్ పెన్సిలిన్. 24 లక్షల యూనిట్ల సూది. జబ్బు కొత్తదైతే ఒక్కసారి, ఎప్పటిదో తెలువకపోతే వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు. రెండు తుంట్లకు సగం సగం ఏస్తరు. కాన్పుకు కనీసం నెల ముందుగాల ఈ సూది పడితే తల్లికీ బిడ్డకూ ఒకేసారి వైద్యం అందుతది. 1943లో అమెరికాలో మహోనీ అనే డాక్టరు ఈ జబ్బుకు పెన్సిలిన్ వాడి చూపించిండు. అప్పటి సంది ఎనభై ఏండ్లు దాటినా ఈ క్రిమి పెన్సిలిన్‌ను ఎదిరించడం నేర్చుకోలేదు. మిగతా క్రిములు మందు మీద మందును ఓడిస్తున్న కాలంలో ఇది ఒక వరం. గర్భిణికి దీనికి బదులు వేరే మందు కూడ లేదు. మాత్రలతో పని నడిపిద్దామంటే కొన్ని బిడ్డకు హాని చేస్తయి, కొన్ని మాయ దాటి బిడ్డ దాకా సరిగ పోవు.

పరీక్ష ఇంకా తేలిక. వేలికి సూది గుచ్చి ఒక్క బొట్టు తీస్తే ఇరవై నిమిషాల్లో ఫలితం. కరెంటు అక్కరలేదు, ఫ్రిజ్ అక్కరలేదు. ఒకే పట్టీ మీద హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ చూసే కిట్లను గర్భిణులకు మొదటి పరీక్షగ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఉపకేంద్రంలో నర్సమ్మ చేయగలిగిన పని ఇది.

ఒక్క బొట్టు రక్తం, ఒక్క సూది. ఇంతదానికి బిడ్డలు పోవాల్నా?

ఎవరికి వారు పక్కోడి పేరు పెట్టిండ్రు

ఈ రోగం చరిత్రలో నిందల చరిత్రనే పెద్దది. 1495లో నేపుల్స్ యుద్ధంలో యూరప్‌లో ఇది బయటపడ్డది. ఇటలీ వాళ్లు దాన్ని ఫ్రెంచి రోగం అన్నరు. ఫ్రెంచి వాళ్లు నేపుల్స్ రోగం అన్నరు. మన దేశంలో 16వ శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశం దీన్ని ఫిరంగ రోగం అన్నది. అంటే పరంగీల రోగం. ఎవరి తప్పూ వారిది కాదు, ఎప్పుడైనా పక్కోడిదే.

తెల్లదొరలు వచ్చినంక ఈ నింద చట్టమే అయింది. తమ సిపాయిలకు సవాయి తగులుతున్నదని 1868లో మన దేశంలో అంటురోగాల చట్టం తెచ్చిండ్రు. దాని కింద వేశ్యలన్న పేరుతో ఆడోళ్లను పేర్లు రాయించుకొని, బలవంతంగ పరీక్షలు చేసి, లాక్ హాస్పిటల్ అనే తాళాల దవాఖానల్లో పెట్టిండ్రు. సిపాయి మాత్రం దర్జాగ తిరిగిండు. 1888లో ఆ చట్టం రద్దయింది. అండ్ల ఉన్న బుద్ధి మాత్రం రద్దు కాలేదు. ఇయ్యాల కూడ పరీక్షలో ఉన్నదని తేలితే మొదటి ప్రశ్న ఆమెకే. 'నువ్వు ఎట్లాంటిదానివి?'

తెలంగాణ మట్టిలో ఈ నింద మరింత లోతుకు పోయింది. దొరల గడీల కాలం నుంచి దళితుల ఇండ్ల ఆడపిల్లలను దేవుడి పేరు మీద జోగినిని చేసి ఊరికి వదిలేసిండ్రు. 1988లో నిషేధ చట్టం వచ్చింది. అయినా జోగిని తల్లి దవాఖాన మెట్లెక్కితే చూపులు ఎట్లుంటయో వేరే చెప్పాల్నా? ఊరంతా వాడుకొని, రోగం మాత్రం ఆమెదన్నరు. ఆమెకు పుట్టిన బిడ్డకు ఏమైందని అడిగినోడు లేడు.

చెడ్డ రక్తం అన్నరు

రాజ్యానికి కొందరి పానాలంటే లెక్కలేదనడానికి ఈ జబ్బు చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉన్నది. అమెరికాలో అలబామా రాష్ట్రం, టస్కీగీ. 1932లో అక్కడి సర్కారు ఆరోగ్యశాఖ సుమారు 600 మంది పేద నల్లజాతి రైతుకూలీలను పోగేసింది. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ ఉన్నది. ఆ ముచ్చట వాళ్లకు చెప్పలేదు. 'మీకు చెడ్డ రక్తం ఉన్నది, మేం చూసుకుంటం' అన్నరు. ఒక పూట భోజనం పెట్టిండ్రు, సచ్చిపోతే అంత్యక్రియల ఖర్చు ఇస్తమన్నరు. అసలు ఉద్దేశం వైద్యం చేయకుండ వదిలేస్తే ఈ రోగం మనిషిని ఎట్ల తింటదో చూసుడు. పెన్సిలిన్ వచ్చి దేశమంతా వాడుతున్నా వాళ్లకు మాత్రం ఇయ్యలేదు. భార్యలకు సోకింది, పుట్టిన పిల్లలకు సోకింది. 40 ఏండ్లు నడిచిన ఈ ఘోరం 1972లో పత్రికల వల్లనే బయటపడ్డది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పిండు. అప్పటికి వాళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలిండ్రు.

టస్కీగీలో కావాలని మందు ఇయ్యలేదు. మన దగ్గర అట్ల ఎవరూ కుట్ర చేయలేదు. ఇండెంటు పోలేదు, కిట్టు రాలేదు, పోస్టు నింపలేదు, గడిలో గీత పడ్డది. కానీ కడుపులోని బిడ్డకు రెండింటికీ తేడా తెలుస్తదా? కుట్రతో ఆగిన సూదైనా, నిర్లక్ష్యంతో ఆగిన సూదైనా బిడ్డ దాకా రాలేదంటే రాలేదు.

పైసలుంటే సరిపోతదనుకునేటోళ్లకు ఇంకో ముచ్చట. అదే అమెరికాలో 2012లో ఈ జబ్బుతో పుట్టిన బిడ్డల కేసులు 335. 2022 నాటికి 3,700 దాటినయి. టైముకు పరీక్ష చేసి మందిస్తే అందులో నూటికి 90 దాకా ఆపగలిగినవేనని ఆ దేశపు ఆరోగ్య సంస్థనే 2023లో ఒప్పుకున్నది. ఎక్కువ దెబ్బ తగిలింది నల్లజాతి వాళ్లకు, ఆ నేల మూలవాసులకు. ఖజానా ఎంత పెద్దదైనా అంచున ఉన్నోడి దాకా చెయ్యి చాపకపోతే జరిగేది ఇదే.

క్యూబా గెలిచింది, లంక గెలిచింది

ప్రపంచం మొత్తం మీద 2022లో తల్లి నుంచి బిడ్డకు సోకిన కేసులు 7 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఒకటిన్నర లక్షల మంది కడుపులనే పోయిండ్రు లేదా చచ్చి పుట్టిండ్రు. 70 వేల మంది పుట్టిన నెలలోపే పోయిండ్రు. ఈ లెక్కలు చూసి చేతులెత్తేసే పని లేదు. ఎందుకంటే గెలిచినోళ్లు కండ్ల ముందున్నరు.

2015లో క్యూబా ఈ పోరాటం గెలిచింది. హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ తల్లి నుంచి బిడ్డకు పోకుండ ఆపిన మొదటి దేశంగ ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గుర్తించింది. అమెరికా ఆంక్షల నడుమ మందులకు కటకటపడే చిన్న దేశం అది. 2016లో థాయిలాండ్ గెలిచింది. 2018లో మలేసియా. 2019లో మన పక్కనున్న శ్రీలంక. 1983 నుంచి 2009 దాకా అంతర్యుద్ధంలో కాలిపోయిన దేశం, పదేండ్లు దాటంగనే ఈ మెట్టెక్కింది. వాళ్లు కొత్త మందేం కనిపెట్టలేదు. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషిని నర్సమ్మ కలిసింది, ప్రతి ఒక్కరి రక్తం చూసింది, ఉన్నదని తేలినోళ్లకు సూది వేసింది, భర్తను పిలిపించింది, లెక్క రాసింది. గంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీటురాయి కూడ ఇదే. నూటికి 95 మంది గర్భిణులు దవాఖానకు రావాలె, 95 మందికి పరీక్ష జరగాలె, జబ్బున్నోళ్లలో 95 మందికి వైద్యం అందాలె. లక్ష కాన్పులకు ఈ జబ్బుతో పుట్టిన కేసులు 50 దాటొద్దు.

మందుకు ప్రాంతం లేదు

పెన్సిలిన్ వెనుక ఒక రాజకీయం ఉన్నది. పేటెంటు లేదు, లాభం లేదు. లాభం లేని మందును తయారు చేయడానికి కంపెనీలు ముందుకు రావు. 1954లో పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ అని సర్కారే ఫ్యాక్టరీ పెట్టి పెన్సిలిన్ తయారు చేసింది. తరువాత చైనా నుంచి అగ్గువకు సరుకు దిగింది. దేశంలో పెన్సిలిన్-జి తయారీ మూతపడ్డది. పెద్ద రోగాల మందులకు హైదరాబాద్ ప్రపంచానికి రాజధాని అని గొప్పలు పోయినం. పటాన్‌చెరు, జీడిమెట్ల చెరువులు ఆ గొప్పకు విషం తాగినయి. అయినా పేదతల్లి సూదికి ముడిసరుకు బయటి దేశం నుంచే రావాలె. అక్కడ ఒక ఫ్యాక్టరీ తుమ్మితే ఇక్కడ సూది ఆగుతది. 2014 తరువాత కొన్నేండ్ల పాటు చాలా దేశాల్లో బెంజథిన్ పెన్సిలిన్ కొరత వచ్చింది.

2024లో కాకినాడ దగ్గర అరబిందో వాళ్ల ఫ్యాక్టరీలో పెన్సిలిన్-జి తయారీ మళ్ల మొదలైంది. ఆంధ్ర తీరంలో తయారైన మందు ఆసిఫాబాద్ గోండు తల్లికి అందితే మాకు సంతోషమే. మేం కొట్లాడింది ఆధిపత్యం మీద, మనుషుల మీద కాదు. మా నీళ్లు మాకు కావాలన్నం, మా కొలువులు మాకు కావాలన్నం. మందుకు ప్రాంతం ఉండదు, రోగానికి సరిహద్దు ఉండదు. ఈ ముచ్చటలో రెండు రాష్ట్రాల తల్లుల గోస ఒక్కటే.

నియామకాలంటే ఇదే

2009 డిసెంబర్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు లాఠీలు తిన్నోళ్లం, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో రోడ్డు మీద వంట వండుకున్నోళ్లం మేం. ఆ సమ్మెలో నర్సమ్మలు ఉన్నరు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉన్నరు, ఆశా అక్కలు ఉన్నరు. మన రాష్ట్రం వస్తే మన ఊరి దవాఖానలో మనిషి ఉంటడు, మందు ఉంటదని పల్లె పల్లెలో చెప్పినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. గర్భిణులందరికీ సిఫిలిస్ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది కూడ 2014లోనే. రాష్ట్రం వయసూ, ఆ కాగితం వయసూ ఒక్కటే.

మంచి జరగలేదని అంటలేం. ఉమ్మడి రాష్ట్రంలో 2011-13 లెక్కల్లో లక్ష కాన్పులకు 92 మంది తల్లులు పోతుండె. 2018-20 నాటికి తెలంగాణలో అది 43కు దిగింది. 2017లో కేసీఆర్ కిట్ వచ్చినంక సర్కారు దవాఖానల్లో కాన్పులు పెరిగినయి. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నోస్టిక్స్ 2021లో జిల్లాలకు పోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే అయినయి. ఇది చిన్న విజయం కాదు.

కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉన్నది. నూటికి 60.7 కాన్పులు కడుపు కోసి చేసినవే. ప్రైవేటులోనైతే నూటికి 81.5. కత్తి పట్టుకోవడానికి ఇంత తొందరపడే వ్యవస్థకు, వేలికి సూది గుచ్చి ఒక్క బొట్టు చూసే ఓపిక ఎందుకు లేదు? ఆపరేషన్‌కు బిల్లు ఉన్నది. సవాయి పరీక్షకు బిల్లు లేదు. మా అనుమానం అంతవరకే, జవాబు చెప్పాల్సింది వాళ్లు.

97 మంది దవాఖానకు వస్తున్నరంటే తల్లి తన వంతు పని చేసింది. మన గుమ్మం దాకా వచ్చింది. అయినా జబ్బు దాటిపోయిందంటే తప్పు గుమ్మం లోపల ఉన్నది. 2024 సెప్టెంబర్‌లో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిండ్రు. నియామకాలంటే నిరుద్యోగికి జీతం అనే మనం లెక్కేసినం. ఒక ల్యాబ్ కుర్చీ ఖాళీగ ఉంటే ఎన్ని కార్డుల మీద గీతలు పడతయో ఎన్నడన్న లెక్కేసినమా? కొలువులో చేరే తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలె. మీ కుర్చీ కోసం పానాలు పోయినయి. ఆ కుర్చీలో కూసున్న మీ చేతిలో ఇంకో పానం ఉన్నది.

భయం ఒకటి, మొగతనం ఇంకొకటి

సూది ఉన్నా వేయని చోట్లు ఉన్నయి. పెన్సిలిన్ పడక మనిషి పడిపోతే తన మెడకు చుట్టుకుంటదని చిన్న దవాఖాన డాక్టరుకు భయం. 'పెద్ద దవాఖానకు పోండ్రి' అని చీటీ రాస్తడు. కూలి పోగొట్టుకొని, బస్సుకు పైసలు పెట్టుకొని ఆ తల్లి ఎన్నిసార్లు పోతది? ప్రమాదకరమైన పడకుండుడు చాలా అరుదు. అడ్రినలిన్ పక్కన పెట్టుకొని, సూది వేసినంక అరగంట కూసోబెడితే దాన్ని ఎదుర్కొనొచ్చు. ముందు నుంచే పడదని తెలిసినోళ్లకు పెద్ద దవాఖానలో కొద్దికొద్దిగ అలవాటు చేసి ఇస్తరు. ఈ శిక్షణ, ఆ అడ్రినలిన్ ఇయ్యకుండ డాక్టరును తిట్టుడు న్యాయం కాదు. సూది పడ్డ రాత్రి జ్వరం రావచ్చని తల్లికి కూడ ముందే చెప్పాలె. చెప్పకపోతే ఆ జ్వరానికి భయపడి రెండో సూదికి రాదు.

రెండో అడ్డంకి మొగోడు. భార్యకు సూది వేసి పంపితే, ఇంట్లో భర్త పరీక్షకు రాకపోతే మళ్ల సోకుతది. ఆమెకు పడ్డ సూది నీళ్లల్ల పోసినట్టే. 'నాకేం రోగం?' అని మీసం మెలేసేటోడికి చెప్పాల్సింది మనమే. ధూంధాంలో ఎగిరినోళ్లం, మిలియన్ మార్చ్‌లో ట్యాంక్‌బండ్ ఎక్కినోళ్లం, ల్యాబ్ కిటికీ ముందు వేలు చాపడానికి జంకుతమా? ఇంకొక్క మాట. పరీక్ష పాజిటివ్ వచ్చుడు శీలానికి సర్టిఫికేట్ కాదు. కొన్ని పరీక్షలు గర్భిణుల్లో జబ్బు లేకున్నా ఉన్నట్టు చూపిస్తయి. కొన్ని, ఎన్నడో నయమైన జబ్బును కూడ జీవితాంతం చూపిస్తనే ఉంటయి. అందుకే రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలె. అయితే ఖాయం అయ్యేదాకా సూది ఆపి కడుపులోని బిడ్డను ఎదురుచూడమనకూడదు. చీటీ చూసి ఇల్లాలిని ఇంట్లోంచి వెళ్లగొట్టే మొగోళ్లు ఈ ముక్క చదువుకోవాలె.

మేం అడుగుతున్నది

కడుపని తెలిసిన మొదటి రోజే, ఉపకేంద్రంలోనే పరీక్ష జరగాలె. ఏడో నెలలో మళ్లొకసారి చూడాలె. ఫలితం వచ్చిన రోజే సూది పడాలె, 'రేపు రా' అనొద్దు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద బోర్డు రాయాలె. సిఫిలిస్ కిట్లు ఎన్ని ఉన్నయి, బెంజథిన్ సూదులు ఎన్ని ఉన్నయి, అడ్రినలిన్ ఉన్నదా లేదా. రేషన్ దుకాణంలో బియ్యం లెక్క రాయించిన పోరాటం మనకు తెలుసు.

రాష్ట్రంలో దాదాపు సగం కాన్పులు ప్రైవేటు నర్సింగ్‌హోముల్లో అయితున్నయి. అక్కడ కూడ ఈ పరీక్ష తప్పనిసరి కావాలె, లెక్క జిల్లా వైద్యాధికారికి చేరాలె. బిడ్డ చచ్చి పుడితే ఆ తల్లికి ఈ పరీక్ష చేయకుండ ఇంటికి పంపొద్దు. మన అవ్వలు గాలికీ, దిష్టికీ తాయెత్తులు కట్టుడు వాళ్ల తప్పు కాదు. కారణం ఇదీ అని దవాఖాన ఎన్నడూ చెప్పకపోతే అవ్వ ఎవరిని అడుగుతది? జిల్లాలవారీగ ఎంతమందికి పరీక్ష జరిగింది, ఎంతమందికి తేలింది, ఎంతమందికి సూది పడ్డది అన్న లెక్కను ఏటా జనం ముందు పెట్టాలె. పేర్లు వద్దు, అంకెలు చాలు.

విద్యార్థి మిత్రులారా, మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో కిట్లు ఉన్నయా అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని. ఉద్యోగ మిత్రులారా, మీ సంఘాల సమావేశంలో జీతం ఎజెండా కింద ఈ ఒక్క అంశం రాయండి. ఇంట్లో అక్కో, చెల్లో, భార్యో కడుపుతో ఉంటే కార్డు తెరిచి చూడండి. ప్రతి నెలా 9వ తారీఖున ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద సర్కారు దవాఖానల్లో డాక్టరు చూడాలని 2016 నుంచి నియమం ఉన్నది. ఆ రోజు వెంట పోండి. గడి ఖాళీగ ఉంటే గట్టిగ అడగండి. మీ వేలు కూడ చాపండి.

మేం ఆ అవ్వతోని, ఆమె బిడ్డతోని పక్క వీధిలోని ల్యాబ్‌కు పోయినం. పైసలు కట్టి పరీక్ష చేయించినం. ఫలితం ఏమొచ్చిందో రాయం. అది ఆమె సొంత ముచ్చట. పేద తల్లికి కూడ చెప్పుకోని ముచ్చట ఒకటి ఉంటది, దాన్ని కాపాడే బాధ్యత పత్రికది. రాయాల్సింది ఒక్కటే. ఇరవై నిమిషాల్లో అయిపోయే ఆ పరీక్ష కోసం అవ్వ ఇద్దరు పిల్లలు పోయిందాక ఆగింది.

నీళ్ల లెక్క అడిగినం, నిధుల లెక్క అడిగినం. ఇగ కార్డు మీది ఆ గడి లెక్క కూడ అడుగుదాం. గీత చెరిగి, అక్కడ ఒక ఫలితం రాసిన రోజు మనం తెచ్చుకున్న తెలంగాణ ఆ అవ్వ ఇంటికి కూడ చేరినట్టు.

జై తెలంగాణ!